స్నేహితురాలు వెళ్ళిపోతోంది, లీజు అయిపోతోంది: పూల స్టూడియోని ఏం చేయను?

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ కలిసి ఎనిమిదేళ్ళుగా ఒక చిన్న ఫ్లోరల్ డిజైన్ స్టూడియో నడుపుతున్నాం. పూల పని నాది. కస్టమర్లతో మాట్లాడటం, రేట్లు చెప్పడం, లెక్కలు చూడటం ఆమెది. ఇంటి పరిస్థితుల వల్ల ఇంకో నాలుగు నెలల్లో ఆమె తప్పుకుంటోంది. మా మధ్య గొడవలేం లేవు. బ్యాంకులో ఉన్నది చెరిసగం తీసుకుందాం అనుకున్నాం. సరిగ్గా అప్పుడే స్టూడియో లీజు కూడా ముగుస్తుంది. ఇది చాలదన్నట్టు పెద్ద ఈవెంట్ కంపెనీలు తక్కువ రేటుకి తమ కింద పనిచేయమంటున్నాయి, అదీ సగం ప్లాస్టిక్ పూలు కలిపి. కొత్తగా వచ్చే కస్టమర్లేమో పూల కాడలు గుచ్చే ఆ ఫోమ్ ఇటుక లేకుండా చేస్తారా అని అడుగుతున్నారు. మా దగ్గర పనిచేసే అమ్మాయి వర్క్‌షాపులు పెడదాం, వీడియోలు చేద్దాం, పేరు కూడా మార్చేద్దాం అంటోంది. ఇంకో పార్ట్‌నర్‌ని చూసుకోనా? ఇంట్లోంచే చేసుకోనా? మొత్తానికే మూసేయనా? డబ్బు మాట ఎత్తాలంటే నాకు చచ్చేంత మొహమాటం. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు రాసిన వాటిలో తేదీ ఉన్నవి రెండే. మీ స్నేహితురాలు వెళ్ళే రోజు, లీజు ముగిసే రోజు. మిగతావి ఈ నెల తేల్చకపోతే కొంపలేం మునగవు. ఫోమ్ సంగతి వచ్చే సీజన్‌లో మొదలుపెట్టవచ్చు. ప్లాస్టిక్ పూల బేరానికి "ఇప్పుడు వీలు కాదండీ" అనవచ్చు. వీడియోలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. అన్నీ ఒక్కసారే మీద పడ్డట్టు ఎందుకు అనిపిస్తోందంటే, ఇన్నాళ్ళూ వీటిని వడకట్టే మనిషి మీ పక్కన ఉంది. "ఇది మనం చేయం", "ఆ రేటుకి కుదరదు" అని ఆమె అంటూ వచ్చింది కాబట్టి ఇలాంటివి మీ బల్ల దాకా రాలేదు. లెక్కలు రాసిపెట్టే మనిషి ఎక్కడైనా దొరుకుతుంది. మీ స్టూడియోలో "కుదరదు" అనే మనిషి వెళ్ళిపోతోంది, అసలు లోటు అది. నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందు డబ్బు. చెరిసగం అన్నారు చూడండి, అక్కడ ఒక్క నిమిషం ఆగండి. పూల పనిలో బ్యాంకులో కనిపించే మొత్తంలో చాలా భాగం మీది కాదు. రాబోయే ఆర్డర్లకి పుచ్చుకున్న అడ్వాన్సులు అందులోనే కలిసి ఉంటాయి. ఆ పూలు మీరింకా కొనలేదు. చాలావాటికి తోటలో మొగ్గ కూడా వేసి ఉండదు. ఇప్పుడు ఆ డబ్బు పంచుకుంటే, ఆమె వెళ్ళిన తర్వాత పడే ఆర్డర్లన్నిటికీ పూలు మీరు సొంత డబ్బుతో కొనాల్సి వస్తుంది. చేతి చమురు భాగవతం అంటారే, అచ్చం అదే. నవ్వుతూ విడిపోయిన భాగస్వాములు ఏడాది తిరిగేసరికి మాటలు మానుకునేది చాలాసార్లు ఇలాంటి చోటే. ఎవరూ మోసం చేసి ఉండరు, అడ్వాన్సుని ఆదాయం అనుకుని ఉంటారు, అంతే.

కాబట్టి ఇద్దరూ కూర్చుని, ఆమె వెళ్ళే తేదీ తర్వాత ఉన్న ప్రతి ఆర్డరూ ఒక కాగితం మీద రాయండి. దానికి ఎంత పుచ్చుకున్నారు, ఇంకా ఎంత రావాలి, పూలకి, సామానుకి, కూలికి, రవాణాకి ఎంత అవుతుంది. వచ్చిన అడ్వాన్సులు మొత్తం వేరే ఖాతాలో పెట్టేయండి. హోల్‌సేలర్‌కి ఇవ్వాల్సిన బాకీలు తీసేయండి. పూలు చల్లగా దాచే కూలర్, బకెట్లు, వాజులు, స్టాండ్లు కొన్న ధరకి కాకుండా ఇవాళ అమ్మితే పలికే ధరకి కట్టండి. యజమాని దగ్గరున్న అద్దె డిపాజిట్ మర్చిపోకండి. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక తేలేదే పంచుకోవాల్సింది. అది మీరిద్దరూ అనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది. ఇప్పుడు తెలియడమే మంచిది.

డబ్బు కానివి కూడా ఉన్నాయి. కస్టమర్లు ఫోన్ చేసే నంబరు ఎవరి పేరు మీద ఉంది? ఆన్‌లైన్ ఖాతాల పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయి? పాత కస్టమర్ల వివరాలు ఆమె ఫోనులోనే ఉంటే, ఆమె వెళ్ళిన రోజున అవి కూడా వెళ్ళిపోతాయి. నంబరూ ఖాతాలూ స్టూడియోకే ఉండాలి. ఫొటోలు ఇద్దరూ వాడుకోవచ్చు, కలిసి చేసిన పని అని రాసుకుంటే సరిపోతుంది. ఇదంతా రాతపూర్వకంగా పెట్టుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ఒకసారి అకౌంటెంట్‌కి చూపించండి. పన్నుల సంగతి, భాగస్వామ్యం రద్దు చేసుకునే పద్ధతి ఎక్కడికక్కడ వేరుగా ఉంటాయి, వాటి గురించి దూరం నుంచి నేను చెప్పడం బాగుండదు.

ఇక మొహమాటం. దీనికి నాలుగు నెలలు టైముంది, అది చిన్న అదృష్టం కాదు. ఇప్పటినుంచి కస్టమర్లతో ఆమె మాట్లాడే ప్రతిసారీ పక్కన కూర్చోండి. మొదట్లో వినండి, చాలు. ఆమె ఏం అడుగుతుందో రాసుకోండి. ఎన్ని టేబుళ్ళు, లోపలా బయటా, హాలు ఎన్ని గంటలకి ఇస్తారు, ఎప్పటికి ఖాళీ చేయాలి, నిచ్చెన దొరుకుతుందా, నీళ్ళెక్కడ పట్టుకోవాలి. పూల గురించి అడిగే ముందు ఆమె ఇవన్నీ అడుగుతుందని నా నమ్మకం, ఎందుకంటే డబ్బు పోయేది వీటి దగ్గరే. తర్వాత మీరు మాట్లాడండి, ఆమె వింటుంది. ఆమె వెళ్ళేలోపు కనీసం కొన్ని బేరాలు పూర్తిగా మీ నోటితోనే నడవాలి.

నోటితోనే అన్నాను గానీ, రేటు మాత్రం నోటితో చెప్పకండి. ఎదుటి మనిషి మొహం చూస్తూ అంకె చెప్పేటప్పుడే మీలాంటివాళ్ళు పదో ఇరవయ్యో శాతం తమంతట తామే తగ్గించేస్తారు, అవతలివాళ్ళు అడగకుండానే. "వివరాలన్నీ రాసుకున్నాను, రేపు సాయంత్రానికి కొటేషన్ పంపుతాను" అని లేవండి. ఇంత మొత్తానికి తక్కువైతే ఆర్డరు తీసుకోం అన్నది ఒకటి నిర్ణయించుకుని, మీ కొటేషన్ మొదటి పేజీలోనే అచ్చు వేయించండి. అప్పుడు కాదంటున్నది మీరు కాదు, కాగితం. తగ్గించమన్నప్పుడు రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "ఆ బడ్జెట్‌లో ఆర్చ్ తీసేసి టేబుళ్ళు నిండుగా చేయవచ్చు" అనండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు, వాళ్ళకి నిజంగానే ఒక దారి చూపిస్తున్నారు.

ఒప్పంద పత్రంలో పూల పేర్లు రాయడం కూడా వీలైనంత మానేయండి. రంగులు, ఆకారాలు, ఎంత నిండుగా ఉంటుందన్నది రాయండి. అనుకున్న పూవు ఆ వారం దొరక్కపోతే అదే రంగులో, అదే విలువలో ఇంకోటి వాడతాం అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. బాకీ మొత్తం పువ్వులు ఆర్డరు పెట్టేలోపే అందాలి, ఈవెంట్ రోజున కాదు. ఆ రోజు ఎవరూ డబ్బులు లెక్కపెట్టే స్థితిలో ఉండరు, మీరు అడిగే స్థితిలో అసలే ఉండరు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి, ఏ పని మిగులుస్తోంది, ఏ పని తినేస్తోంది అన్నది. పూలవాళ్ళు చాలాచోట్ల వాడే పాత లెక్క మీకు తెలిసే ఉంటుంది. హోల్‌సేల్‌లో కొన్న పూల ధరకి మూడు లేదా మూడున్నర రెట్లు, వాజులు, స్టాండ్ల వంటి సామానుకి రెండు, రెండున్నర రెట్లు, ఈవెంట్ పని అయితే ఆ పైన కూలి కింద 20 నుంచి 30 శాతం. మొదలుపెట్టడానికి మంచిదే. కానీ దీనిలో ఒక లొసుగుంది. ఇది పూల ధరని పట్టుకుని వేలాడుతుంది, మీ గంటలని చూడదు. చుక్కల్లాంటి చిన్న తెల్ల పూల జిప్సోఫిలా చవక. దాంతో పైకప్పు నుంచి వేలాడే మబ్బులాంటిది చేయమంటే ఇద్దరు మనుషులు పొద్దంతా నిచ్చెన మీదే ఉంటారు. ఆర్కిడ్ కాడ ఖరీదు, కానీ పొడవాటి గాజు వాజులో మూడు కాడలు పెట్టడానికి పది నిమిషాలు చాలు. పాత లెక్క ప్రకారం వెళ్తే ఆర్కిడ్ మీకు బాగా మిగులుస్తుంది, జిప్సోఫిలా మిమ్మల్ని ముంచుతుంది. ఈ మబ్బులు ఫ్యాషన్ అయిన రోజుల్లో ఎంతోమంది సంబరంగా నష్టపోయారు.

కాబట్టి గంటలు రాయండి. కట్టిన గంటలు మాత్రమే రాస్తే చాలదు. చీకటితో మార్కెట్‌కి వెళ్ళిరావడం, కట్టలు విప్పడం, కింది ఆకులూ ముళ్ళూ తీయడం, కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు కోసి శుభ్రమైన నీళ్ళలో పెట్టడం, కారులోకి ఎక్కించడం, అక్కడ నిలబెట్టడం, అందరూ వెళ్ళిపోయాక విప్పి తెచ్చుకోవడం, మళ్ళీ బకెట్లన్నీ కడగడం. బకెట్లు కడిగే గంటని ఎవరూ బిల్లులో వేయరు. కడగకపోతే బ్యాక్టీరియా పెరిగి కాడల్లో నీళ్ళెక్కే దారులు మూసుకుపోతాయి, గులాబీ మెడ వాల్చేస్తుంది. అంటే అది కూడా పనే, దానికీ డబ్బు రావాలి.

తరుగు ఇంకొకటి. గులాబీలు ఇరవై, పాతిక కాడల కట్టలుగా వస్తాయి. మీకు ముప్ఫై రెండు కావాలంటే నలభై కొంటారు. మిగిలిన ఎనిమిది ఎవరి ఖాతాలో పడుతున్నాయి? కొటేషన్‌లో ముప్ఫై రెండే రాస్తే, మీ ఖాతాలో. విరిగేవి, సరిగ్గా విచ్చుకోనివి ఉంటాయి కాబట్టి అదనంగా ఓ పది శాతం వేసుకోవడం మామూలే. కట్టల లెక్కనే కొటేషన్ కట్టండి.

గడిచిన ఏడాది ఆర్డర్లలోంచి పెద్దవీ, మధ్యరకానివీ, చిన్నవీ కలిపి ఓ డజను తీసి, ఇదే పద్ధతిలో మళ్ళీ లెక్కకట్టి, ప్రతిదానికీ గంటకి ఎంత మిగిలిందో రాయండి. ఆమె ఉండగానే చేయండి, బిల్లులు ఎక్కడున్నాయో ఆమెకే తెలుసు. ఏం తేలుతుందో నేను ముందే చెప్పలేను గానీ, తరచూ కనిపించేది ఇది: అందరూ ఫొటోలు తీసుకున్న ఆర్చ్ అడుగున ఉంటుంది. ఎవరూ ఫొటో తీయని పని, ఏదో ఆఫీసు రిసెప్షన్‌లో వారం వారం పెట్టే రెండు వాజులు, పైన ఉంటాయి. మూసేయాలా వద్దా అన్న ప్రశ్న ఈ కాగితం చూశాక అడగండి. ఏ రకం పనీ మీ గంటకి బయట దొరికే జీతమంత కూడా ఇవ్వడం లేదని తేలితే, మూసేయడం గురించి ఆలోచించడంలో తప్పేం లేదు. ఒక్క రకమైనా బాగా ఇస్తుంటే, ఆ రకం ఎంత పెంచగలరన్నదే మీ ముందున్న పని.

వారానికోసారి పూలు పెట్టే చందా పని గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఆఫీసులు, క్లినిక్కులు, రెస్టారెంట్లు, కొన్ని ఇళ్ళు. దీనిలో మెరుపులేం ఉండవు. కానీ ఏ పూవు పెట్టాలన్నది మీ ఇష్టం, ఆ వారం మార్కెట్‌లో బాగున్నదీ చవగ్గా ఉన్నదీ తీసుకోవచ్చు, ఎంత కొనాలో ముందే తెలుస్తుంది. ఇందాక చెప్పిన ఎనిమిది గులాబీలకి కూడా చోటు దొరుకుతుంది. అయితే వేడుకలో వాడి తీసుకొచ్చిన పూలు మాత్రం అక్కడ పెట్టకండి, మూడో రోజుకే దొరికిపోతారు. 2020 మార్చిలో వేడుకలన్నీ ఒక్క వారంలో ఆగిపోయినప్పుడు నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ వేలం కేంద్రంలో కొనేవాళ్ళు లేక పూలు కుప్పలుగా పారబోశారు. ఆ నెలల్లో వేడుకల మీదే బతికిన స్టూడియోలకి చేతిలో పనే లేకుండా పోయింది. ఇళ్ళకి పంపే చిన్న బొకేలు అప్పటికే ఉన్నవాళ్ళకి ఏదో ఒక కాలు నేల మీద ఉంది. మీ ఆదాయంలో ఎంత భాగం వేడుకల నుంచి వస్తోందో మీ ఉత్తరంలో లేదు. సగానికి మించి ఉంటే, ఈ నాలుగు నెలల్లో కొత్తగా మొదలుపెట్టాల్సిన పని ఏదైనా ఉందంటే అది చందా ఒక్కటే.

లీజు. యజమాని దగ్గరికి ఇవాళే వెళ్ళి, ఆరు నెలల పొడిగింపు ఇస్తారా అని అడగండి. అద్దె కాస్త ఎక్కువ అడిగినా ఫరవాలేదు. మనిషి వెళ్ళే నెలలోనే చోటు కూడా మారడం మీకు ఆరోగ్యం కాదు. ఆ ఆరు నెలల్లో మీకు ఎలాంటి చోటు కావాలో చూసుకోవచ్చు. ఆర్డర్ల మీద నడిచే స్టూడియోకి రోడ్డు మీద అద్దాల కిటికీ అక్కర్లేదు. ధారాళంగా నీళ్ళు, ఆకులూ ముళ్ళూ పడినా మూసుకుపోని డ్రైనేజీ, కడిగితే శుభ్రపడే నేల, వ్యాన్ ఆనించే వెడల్పాటి తలుపు, నీరెండ కూడా పడని ఒక గది. ఇవి ఉంటే సందు చివరన ఉన్నా ఇబ్బంది లేదు, అద్దె సగానికి రావచ్చు.

ఇంట్లోంచి చేయడం గురించి నాకు అనుమానాలున్నాయి. పూలు కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటాయి, వేడి పెరిగే కొద్దీ కాడలో దాచుకున్న చక్కెర వేగంగా ఖర్చయిపోతుంది. గులాబీ, కార్నేషన్, తులిప్, పియొనీ వంటివి 1 నుంచి 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా ఉంటాయి. ఆంథూరియం, హెలికోనియా, చాలా రకాల ఆర్కిడ్లు అంత చల్లదనానికి నల్లబడతాయి, వాటికి 12, 13 డిగ్రీలకి తగ్గకూడదు. ఇంట్లో ఫ్రిజ్ ఈ రెండిటికీ పనికిరాదు. గాలి పొడిగా ఉంటుంది, పైగా పక్కనే పండ్లు ఉంటాయి. పండే పండ్ల నుంచి ఎథిలీన్ వాయువు వస్తుంది, అది తగిలిన కార్నేషన్లు రేకులు ముడుచుకుని పడుకుంటాయి. ఇంట్లో కూలర్‌కి విడిగా ఒక గది, దానికి తగ్గ కరెంటు ఉంటేనే ఆలోచించండి. అప్పుడు కూడా పెద్ద ఆర్డర్ల ముందు రోజు ఇల్లంతా బకెట్లే అవుతాయి. ఇంట్లోవాళ్ళని అడిగి చూడండి, నన్ను కాదు.

ఫోమ్. మిగతావాటికంటే దీన్ని నేను గట్టిగా పట్టించుకోమంటాను, ఎందుకంటే ఇది ఫ్యాషన్ మార్పు కాదు, పనిచేసే పద్ధతే మారడం. నీళ్ళు పీల్చే ఆకుపచ్చ ఇటుకని 1954లో అమెరికాలో వెర్నాన్ స్మిదర్స్ తెచ్చాడు. అది ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌తో తయారైన ప్లాస్టిక్, మట్టిలో కలిసిపోదు. నలిపితే పొడి అవుతుంది, ఆ పొడి కాలువలోకి పోతుంది. ఆ తునకల్ని నీటిలో బతికే జీవులు తినేస్తున్నాయని ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో చూపించారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో ఫోమ్ వద్దంది. కాబట్టి అడిగే కస్టమర్లు ఇంకా పెరుగుతారే గానీ తగ్గరు.

ఫోమ్ రాకముందు వేల ఏళ్ళు మనుషులు పూలు అమర్చారు, పద్ధతులన్నీ ఉన్నవే. కోళ్ళ గూటికి వాడే తీగ జాలీని ఉండలా చుట్టి గిన్నెలో ఇరికించడం, జపాన్‌వాళ్ళ ఇకెబానాలో వాడే సూదుల పీట కెంజాన్, కాడ చివర తొడిగే చిన్న నీళ్ళ గొట్టాలు. నేర్చుకోవడం మీ చేతికి ఎన్నో రోజుల పని కాదు. ఇబ్బందల్లా గంటలు చోటు మారడం దగ్గర. ఫోమ్‌లో అయితే ముందు రోజు రాత్రి స్టూడియోలో కట్టేసి తీసుకెళ్తారు. నీళ్ళ గిన్నెలో జాలీతో చేసింది బండిలో ఒలుకుతుంది, అందుకని చాలా పని పొద్దున్నే అక్కడికి వెళ్ళాక చేయాలి. హాలు రెండు గంటల ముందే ఇస్తారంటే ఇంకో మనిషి కావాలి. ఇది కొటేషన్‌లో కనపడకపోతే పర్యావరణాన్ని మీ జేబులోంచి కాపాడుతున్నట్టే. ముందు టేబుల్ వాజులు మార్చండి, ఎవరికీ తేడా కూడా తెలియదు. తర్వాత నేల మీద నిలబెట్టేవి, వెనకాల బకెట్లు దాచుకోవచ్చు. వేలాడేవి అన్నిటికంటే చివర. వాటికి నీళ్ళు లేకుండా కాసేపు తట్టుకునే పూలే వాడాలి, కార్నేషన్, చామంతి, జిప్సోఫిలా, రస్కస్ ఆకు. హైడ్రాంజియాని అక్కడికి తీసుకెళ్ళకండి, మీరు నిచ్చెన దిగేలోపే వాలిపోతుంది.

పూల ప్రపంచంలో కష్టకాలం అనగానే నాకు కాన్‌స్టన్స్ స్ప్రై గుర్తొస్తుంది. లండన్‌లో ఆవిడ పూల వ్యాపారం మొదలుపెట్టింది 1929లో, ప్రపంచమంతా డబ్బు లేక విలవిల్లాడబోతున్న ఏడాది. ఖరీదైన పూలకి పోటీ పడకుండా కేల్ ఆకులు, కంచె మీద పెరిగే తీగలు, ఎండిన గింజల గుత్తులు తెచ్చి, ఏ గిన్నె దొరికితే ఆ గిన్నెలో జాలీ పెట్టి అమర్చింది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి పూలు ఆవిడవే. పట్టాభిషేకం సంగతి పక్కన పెట్టండి, చవకైన సరుకుకి మంచి డబ్బు అడగగలిగింది చూడండి, నాకు ఆవిడలో నచ్చేది అది.

ఈవెంట్ కంపెనీల కింద పని. కృత్రిమ పూలంటే నాకు మంటేమీ లేదు. అద్దెకిచ్చి పదిసార్లు వాడే వ్యాపారానికి అవి సరిపోతాయి. కానీ ఆ వ్యాపారానికి గోడౌన్లు, వ్యాన్లు, పదిమంది మనుషులు కావాలి, మీకు ఉన్నది చేతి పనితనం. వాళ్ళ రేటుని మీ గంటల కాగితం పక్కన పెట్టి చూడండి. ఖాళీ నెలల్లో, అసలు పూల భాగం వరకే, డబ్బు ముందు ఇచ్చేటట్టయితే అప్పుడప్పుడూ ఒప్పుకోవచ్చు. మంచి సీజన్‌లో తేదీలు వాళ్ళకి ఇచ్చేస్తే మీ సొంత కస్టమర్లు ఫోన్ చేసినప్పుడు మీరు ఖాళీగా ఉండరు.

కొత్త పార్ట్‌నర్ వద్దు, కనీసం ఏడాది దాకా. భయంలో వెతికితే మొదట కనిపించిన మనిషి నచ్చేస్తుంది. లెక్కలకి వారానికి కొన్ని గంటలు వచ్చే మనిషిని జీతానికి పెట్టుకోండి. మీ స్నేహితురాలు చేస్తున్న పనిలో సగం అక్కడే తీరిపోతుంది, మిగతా సగం, ఆ "కుదరదు" అనడం, పైన చెప్పినట్టు మీరు నేర్చుకోవాల్సిందే.

మీ దగ్గరున్న అమ్మాయి గురించి ఒక మాట. ఆమె చెప్పినవన్నీ కాదనాల్సినవేం కావు, కాకపోతే అన్నీ ముఖానికి రంగు వేసే పనులు. వర్క్‌షాపులు నిజంగా నేర్పడం ఇష్టమైతేనే పెట్టండి, అది వేరే వృత్తి. ఆ అమ్మాయి ఉత్సాహాన్ని ఇంకో చోట వాడుకోండి. మీ పని అంతా మీ చేతిలోనే ఉంది, కాగితం మీద లేదు. మీకు జ్వరమొస్తే ఆ రోజు బొకే ఎవరు కడతారు? మీరు తరచూ చేసే ప్రతి రకానికీ ఒక కార్డు రాయించండి. ఏ పూవు ఎన్ని కాడలు, ఎంత ఆకు, ఏ వాజు, ఎంతసేపు పట్టింది, పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒక ఫొటో. రాసేది ఆమె, చూసి కట్టేది కూడా ఆమే, మీరు సరిదిద్దండి. మీ కొటేషన్లకి కావాల్సిన లెక్కలు ఆ కార్డుల్లోంచే వస్తాయి. జీతం కూడా కొంచెం పెంచండి, ఇద్దరూ ఒకేసారి వెళ్ళిపోతే మీరు తట్టుకోలేరు.

పేరు మార్చకండి. మనిషి మారుతున్నప్పుడు పేరు కూడా మారితే పాత కస్టమర్లు స్టూడియో మూతపడింది అనుకుంటారు. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకి మాత్రం మీరే ముందు చెప్పాలి, ఇంకొకరి నోటి నుంచి తెలియకూడదు. ఇద్దరి సంతకంతో నాలుగు లైన్లు చాలు: ఫలానా తేదీ నుంచి ఆవిడ ఉండరు, మీ ఆర్డరు, మీ రేటు, మీ తేదీ అలాగే ఉంటాయి, ఇక నుంచి మాట్లాడాల్సింది నాతో, నంబరు పాతదే. అడ్వాన్సుల లెక్క తేల్చి, ఆ డబ్బు వేరే ఖాతాలో పడ్డ మర్నాడు పంపండి. అంతకు ముందు వద్దు, ఎందుకంటే ఒకరిద్దరు భయపడి డబ్బు వెనక్కి అడగవచ్చు, అడిగితే మీ ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది ఆ రోజే ఇవ్వగలిగేలా ఉండాలి.